ఎంసీఎఫ్-7 కణాలు చచ్చాయి, జెల్ మీద ల్యాడర్ రాలేదు. అపోప్టోసిస్ అనొచ్చా?

బ్రాడీపేట నాలుగో లైను:

అందరికీ నమస్తే. గుంటూరు దగ్గర ఒక కాలేజీలో ఎం.ఫార్మసీ రెండో ఏడు చదువుతున్నా. ప్రాజెక్టు సీతాఫలం గింజల మీద. అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో పిల్లలకి పేలు పడితే ఈ గింజలు నూరి తలకి పట్టించి, కళ్ళలోకి కారకుండా నుదుటికి గట్టిగా గుడ్డ చుట్టేవాళ్ళు. కంట్లో పడితే అంతే సంగతులు. పేలని చంపి కంటిని పాడుచేసే సరుకులో ఏదో ఒకటి ఉండే ఉంటుందని గైడ్‌గారితో అంటే సరే చెయ్యమన్నారు.

గింజలు ఎండబెట్టి పొడి కొట్టి, ముందు పెట్రోలియం ఈథర్‌తో నూనె తీసేసి, తర్వాత ఇథనాల్‌తో సాక్స్‌లెట్ పెట్టా. సారాన్ని డీఎంఎస్ఓలో కరిగించా. కణాలు పుణె ఎన్‌సీసీఎస్ నుంచి తెప్పించిన ఎంసీఎఫ్-7, అంటే రొమ్ము క్యాన్సర్ కణాలు. ఎంటీటీలో, అంటే బతికున్న కణాల్ని రంగుతో అంచనా వేసే పరీక్షలో, 48 గంటలకి ఐసీ50 (రంగుని సగానికి తగ్గించే మోతాదు) మిల్లీలీటరుకి 18 మైక్రోగ్రాములు వచ్చింది. ముడి సారానికి అది మంచి అంకేనని ల్యాబ్‌లో అందరూ మెచ్చుకున్నారు. అక్కడిదాకా బాగానే ఉంది.

అది అపోప్టోసిస్, అంటే కణం తనంతట తాను పద్ధతిగా చచ్చే చావు అయితే, డీఎన్ఏ ముక్కలై జెల్ మీద నిచ్చెన మెట్లలా కనిపించాలి, దాన్నే ల్యాడర్ అంటారు. అది చూద్దామని డీఎన్ఏ తీసి 1.8 శాతం అగరోజ్ జెల్ మీద నడిపా. యూవీ కింద పెడితే మార్కర్ మెట్లు మెట్లుగా ముద్దుగా కనిపిస్తోంది. నా లేన్లన్నిట్లో మాత్రం వెల్ కిందే ఒక లావుపాటి గీత, దాని కింద అంతా చీకటి. డోసు పెంచి మళ్ళీ చేశా. గీత కాస్త పలచబడింది, అంతకుమించి ఏం లేదు.

"ల్యాడర్ లేదంటే అపోప్టోసిస్ కాదయ్యా, నెక్రోసిస్ అని రాసెయ్" అన్నారు గైడ్‌గారు. అంటే కణం దెబ్బతిని పగిలి చచ్చిందని. సీనియర్ ఒకడు ఇంకా ఘనుడు, "నా జెల్ ఫోటో ఇస్తా, అతికించుకో" అన్నాడు. వద్దన్నా.

నాకు తెలియాల్సింది రెండు. అసలు ఒక రసాయనం కణం తనంతట తాను చచ్చేలా ఎట్టా చేస్తుంది? పుస్తకంలో బాణాల బొమ్మ బట్టీ పట్టా గానీ, బయట్నుంచి వచ్చిన పదార్థం అందులో ఎక్కడ వేలు పెడుతుందో తలకెక్కలేదు. రెండోది, ల్యాడర్ లేకుండా అపోప్టోసిస్ ఉంటుందా? మా దగ్గర కణాల్ని ఒక్కొక్కటిగా కొలిచే ఫ్లో సైటోమీటర్ లేదు. ఇన్వర్టెడ్ మైక్రోస్కోపు, ప్లేట్ రీడరు, జెల్ సామాను ఉన్నాయి. వైవా వచ్చే నెల.

దుగ్గిరాల పసుపు:

నా సైన్సు ఇంటర్ బైపీసీతో సరి, మాది పసుపు వ్యాపారం. ఈ తమ్ముడి ప్రశ్నతో పాటు నాదీ ఎవరైనా తేల్చండి. పసుపులో ఉండే కర్క్యుమిన్ క్యాన్సర్ కణాల్ని ఆత్మహత్య చేసుకునేలా చేస్తుందని వారానికోసారి వాట్సాప్‌లో వస్తుంది. కొనడానికి వచ్చినవాళ్ళు అది చూపించి "నిజమేనా" అని నన్నే అడుగుతారు. యార్డులో రోజంతా ఆ దుమ్ము పీల్చేవాళ్ళం మేమే, మాలోనూ క్యాన్సర్ వచ్చినవాళ్ళు ఉన్నారు. సరుకు అమ్ముకునేవాణ్ణే అయినా, లేనిది చెప్పి అమ్మబుద్ధి కాదు.

పటమట అక్క:

తమ్ముడూ, ముందు ల్యాడర్ సంగతి తేల్చేద్దాం, వైవాలో నిన్ను కాపాడేది అదే. అపోప్టోసిస్‌లో వేరే ప్రొటీన్లని కోసే ఎంజైములే కాస్పేస్‌లు. ఎంసీఎఫ్-7 కణాల్లో వాటిలో కాస్పేస్-3 ఉండదు. ఆ జీన్ మూడో ఎక్సాన్‌లో 47 బేస్ పెయిర్లు ఎగిరిపోయాయి, దాంతో పనికొచ్చే ప్రొటీనే తయారవదు. 1998లోనే అచ్చయిన విషయం ఇది.

దానికీ ల్యాడర్‌కీ సంబంధం ఏంటంటే, డీఎన్ఏని ముక్కలు చేసేది క్యాడ్ అనే ఎంజైము. మామూలప్పుడు ఐక్యాడ్ అనే ఇంకో ప్రొటీను దాన్ని కదలకుండా పట్టుకుని ఉంటుంది. కాస్పేస్-3 వచ్చి ఐక్యాడ్‌ని కోస్తే అప్పుడు క్యాడ్ బయటపడి, న్యూక్లియోసోములకి మధ్య ఉన్న జాగాల్లో డీఎన్ఏని తెగ్గొడుతుంది. అందుకే ముక్కలు 180, 360, 540 ఇలా ఒకే లెక్కన పెరుగుతూ కనిపిస్తాయి. నీ కణాల్లో ఐక్యాడ్‌ని కోసేవాడు లేడు. డీఎన్ఏ వెల్ కిందే ఉండిపోయింది. ఆ 1998 పేపర్లో ఎంసీఎఫ్-7కి కణాల్ని చావుకి పురికొల్పే టీఎన్ఎఫ్ అనే ప్రొటీను ఇచ్చారు. కణాలు చచ్చాయి, ల్యాడర్ రాలేదు. అవే కణాల్లో కాస్పేస్-3 జీన్ తిరిగి పెట్టి ఇస్తే ల్యాడర్ వచ్చింది. ఆ పేపరు ప్రింటు తీసి మీ గైడ్‌గారి బల్ల మీద పెట్టు, నోటితో వాదనకి దిగకు. కాగితం చెప్తే వింటారు, స్టూడెంటు చెప్తే వినరు, ఏ కాలేజీలో అయినా అంతే.

ఆయన చెప్పిన నెక్రోసిస్ కూడా నీ జెల్ చూపించట్లేదు. అది ముదిరితే మామూలుగా లేన్ పొడుగునా మసక పరుచుకుంటుంది. నీకు అదీ లేదు. కాబట్టి ఆ జెల్ ఇటూ చెప్పట్లేదు, అటూ చెప్పట్లేదు. దాన్ని పక్కన పెట్టు.

ఇక రసాయనం ఎక్కడ వేలు పెడుతుందన్నది. నేను బెజవాడలో ఒక ల్యాబ్‌లో ఫ్లో సైటోమీటర్ మీద కూర్చుంటా, రోజూ లుకేమియా శాంపిళ్ళే. నాకు బాగా తెలిసిన ఉదాహరణ చెప్తా. లింఫోబ్లాస్టిక్ లుకేమియా వచ్చిన పిల్లలకి కొన్ని పద్ధతుల్లో మొదటి వారం ప్రధానంగా ప్రెడ్నిసలోనే ఇస్తారు. ఎనిమిదో రోజు రక్తం తీసి బ్లాస్టులు, అంటే ముదరని లుకేమియా కణాలు, లెక్కపెడతారు. మైక్రోలీటరుకి 1000 లోపు పడిపోతే మందుకి బాగా లొంగినట్టు. మొదటి రోజు స్లైడు మీద ఎక్కడ చూసినా బ్లాస్టులే, మధ్యలో చోటుండదు. లొంగిన పిల్లల ఎనిమిదో రోజు స్లైడులో వాటిని వెతుక్కోవాలి.

ఆ మాత్ర ఏమన్నా విషమా? ఆయాసం వచ్చినవాళ్ళకీ ఇచ్చేదే. లివర్ కణాల్లోకీ వెళ్తుంది, వాటికేం కాదు. లింఫ్ కణంలోకి వెళ్ళి తన రిసెప్టార్‌ని పట్టుకుని న్యూక్లియస్‌లో దూరి, కొన్ని జీన్లని పెంచుతుంది, కొన్నిటిని తగ్గిస్తుంది. పెరిగేవాటిలో బిమ్ అనే ప్రొటీనుది ఒకటి. మైటోకాండ్రియా మీద బీసీఎల్-2 కుటుంబం వాళ్ళు ఎప్పుడూ రెండు వర్గాలుగా ఉంటారు. బీసీఎల్-2, ఎంసీఎల్-1 లాంటివి కణాన్ని నిలబెట్టేవి. బ్యాక్స్, బ్యాక్ అనేవి మైటోకాండ్రియా పైపొరకి బొక్క పెట్టేవి. బిమ్ ఎక్కువైతే వెళ్ళి బీసీఎల్-2కి అతుక్కుంటుంది, ఇక అది బ్యాక్స్‌ని ఆపలేదు. పొరకి బొక్క పడి సైటోక్రోమ్-సి బయటికి వస్తుంది. అన్నాళ్ళూ లోపల శ్వాసక్రియలో ఎలక్ట్రాన్లు మోసిన ప్రొటీనే, బయటికొస్తే యాపాఫ్-1 అనేదాన్ని తట్టి లేపుతుంది. ఏడు యాపాఫ్-1లు చక్రంలా కూడి కాస్పేస్-9ని పనిలో పెడతాయి, అది 3నీ 7నీ కోసి లేపుతుంది.

నా ఉద్దేశంలో నీ వైవా మొత్తానికి గట్టిగా చెప్పాల్సింది ఇదొక్కటే: మందు కణాన్ని చంపలేదు. చావడానికి కావాల్సిన సరంజామా అంతా ఆ కణంలో ముందునుంచే ఉంది, మందు ఆ రెండు వర్గాల మధ్య బలాబలాలు మార్చింది. అందుకే ఒకే మందుకి ఒక కణం చస్తుంది, పక్క కణం చావదు. యాసిడ్ పోస్తే ఏ కణమైనా చస్తుంది, దాన్ని ఎవరూ మందు అనరు.

మిగతా మందులు వేరే దారిన వచ్చి అక్కడికే చేరతాయి. సిస్‌ప్లాటిన్, డాక్సోరుబిసిన్ డీఎన్ఏని పాడుచేస్తే పీ53 అనే కాపలా ప్రొటీను లేచి, బిమ్ లాంటివే అయిన ప్యూమా, నోక్సాలని పెంచుతుంది. మన ఇళ్ళ ముందు పూసే బిళ్ళగన్నేరు నుంచి వచ్చే విన్‌క్రిస్టిన్, కణం రెండుగా చీలే సమయంలో మైక్రోట్యూబుల్స్ కట్టుకోనివ్వదు. అట్లా మధ్యలో ఇరుక్కున్న కణంలో ఎంసీఎల్-1 కరిగిపోతూ వస్తుంది. 2016లో అమెరికాలో అనుమతి పొందిన వెనెటోక్లాక్స్ అయితే డొంకతిరుగుడు లేకుండా నేరుగా బీసీఎల్-2కే అతుక్కుంటుంది. అది ఎంత చురుగ్గా పనిచేస్తుందంటే, దీర్ఘకాలిక లింఫోసైటిక్ లుకేమియాలో 20 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి వారానికింత పెంచుతూ 400కి తీసుకెళ్తారు. ఒక్కసారే ఇస్తే చచ్చిన కణాల్లోంచి పొటాషియం, యూరిక్ యాసిడ్ రక్తంలోకి పొంగి ప్రాణం మీదికొస్తుంది.

చెయ్యాల్సిన పని. మందు వేశాక 6, 12, 24 గంటలకి మైక్రోస్కోపు కింద చూడు. కాస్పేస్‌లు రాక్-1 అనే ప్రొటీన్‌ని కోస్తే కణం పైపొర ఎసరు తెర్లుతున్నట్టు బుడగలు బుడగలుగా పొంగుతుంది. ఎంసీఎఫ్-7లో మాత్రం, కాస్పేస్-3 లేదు కాబట్టి, ఆ బుడగలు సరిగా రావని ఆ 1998 పేపర్లోనే ఉంది. అవి కనిపించకపోయినంత మాత్రాన అపోప్టోసిస్ కాదనుకోకు. ఫోటోలు తీసి పెట్టుకో. 48 గంటలదాకా ఆగితే దేనితో చచ్చినా ఒకేలా ఉంటుంది, ఎందుకంటే ఒంట్లో అయితే మాక్రోఫేజులు వచ్చి తినేస్తాయి, నీ ప్లేట్లో తినేవాళ్ళు లేరు, చివరికి పొర పగిలిపోతుంది. మీడియం మార్చేటప్పుడు తేలుతున్న కణాల్ని పారబొయ్యకు. నీకు కావాల్సిన చచ్చిన కణాలన్నీ వాటిలోనే ఉన్నాయి. సింకులో పోసి, కింద అతుక్కున్న బతికినవాటి డీఎన్ఏ తీసి ల్యాడర్ రాలేదనేవాళ్ళని చాలామందిని చూశా.

జెడ్-వ్యాడ్ అనే కాస్పేస్ ఇన్హిబిటర్ చిన్న వయల్ కొనిపించు. సారంతో కలిపి ఇచ్చినప్పుడు చావు తగ్గితే కాస్పేస్‌ల దారేనని చెప్పొచ్చు. తగ్గకపోతే వేరే దారి. పక్క డిపార్ట్‌మెంట్లో వెస్టర్న్ బ్లాట్ (ప్రొటీన్లని సైజు బట్టి గీతలుగా చూసే పరీక్ష) చేసేవాళ్ళుంటే కాస్పేస్‌లు కోసే పార్ప్ అనే ప్రొటీన్ని చూడమను, 116 కిలోడాల్టన్ల గీత తగ్గి 89 దగ్గర గీత వస్తుంది, అది కాస్పేస్-7 కూడా కొయ్యగలదు. ల్యాడరే కావాలని గైడ్‌గారు పట్టుబడితే కాస్పేస్-3 ఉన్న హెచ్ఎల్-60 లుకేమియా కణాలు తెప్పించు.

దుగ్గిరాల అన్నా, మీరడిగింది కూడా ఇక్కడికే వస్తుంది. ప్లేట్లో కర్క్యుమిన్ పోస్తే క్యాన్సర్ కణాలు చావడం నిజమే. కానీ నోటితో గ్రాములకి గ్రాములు తిన్నా రక్తంలోకి చేరేది బహుతక్కువ. పేగుల్లో, లివర్లో రూపం మారి బయటికి పోతుంది. ప్లేట్లో వాడే మోతాదుకి రక్తంలో ఉండేదానికి పొంతనే లేదు. పైగా అది తనంతట తాను వెలుగుతుంది. చచ్చే కణాల్ని వెలుగుతో పట్టే అనెక్సిన్ పరీక్షలో ఆకుపచ్చ ఛానెల్లో పడి, చావని కణాన్ని కూడా చచ్చినట్టు చూపించగలదు. నా మెషీన్ మీద పసుపు వాడిన శాంపిలు ఎవరన్నా తెస్తే ముందు రంగు వెయ్యకుండా ఉత్త కణాల్ని నడిపి చూపించమంటా. కూరలో వేసుకోమని అమ్మండి, మందని చెప్పకండి.

తెనాలి పాత ఎమ్మెస్సీ:

పటమట అక్కయ్యగారు చెప్పిన కాస్పేస్-3 సంగతికి తిరుగు లేదు. కానీ గైడ్‌గారి నెక్రోసిస్ మాటని అంత తేలిగ్గా కొట్టెయ్యొద్దని నా మనవి. అబ్బాయి తీసుకున్నది సీతాఫలం. ఆ గింజల్లో అసిటోజెనిన్లు ఉంటాయి, స్క్వామోసిన్ లాంటివి. మైటోకాండ్రియాలో శక్తి తయారీకి మొదటి మెట్టైన కాంప్లెక్స్-1ని మూసెయ్యడం వాటి పని, రోటెనోన్ అనే పురుగుమందు చేసేదీ అదే. పేలు చచ్చేది అందుకే.

అపోప్టోసిస్‌కి శక్తి కావాలి. యాపాఫ్-1లు చక్రం కట్టాలంటే కణానికి ఇంధనమైన ఏటీపీ, లేదా దాని దగ్గరి చుట్టం డీఏటీపీ ఉండాలి. 1997లో చేసిన ప్రయోగాల్లో, మామూలుగా అపోప్టోసిస్ తెప్పించే మందునే ఇచ్చి, కణంలో ఏటీపీ ముందుగా హరించేస్తే అవే కణాలు నెక్రోసిస్‌తో పోయాయి. ఏటీపీ తయారీనే కొట్టేసే సారం ఇచ్చి, "అపోప్టోసిసే" అని ముందే తీర్మానించుకోవడం ఎందుకు?

ఎంటీటీ మీద కూడా నాకు నమ్మకం తక్కువ. పసుపురంగు ద్రవం ఊదారంగు స్ఫటికాలుగా మారడం కణం జీవక్రియకి కొలత, చావుకి కాదు. మందు పడని కణాలు 48 గంటల్లో పెరిగి రెట్టింపై కూర్చుంటే, మందు పడ్డవి చావకుండా ఊరికే పెరగడం మానేసినా రంగు తగ్గుతుంది. ఆ 18 అంకెలో చచ్చినవెన్నో ఆగిపోయినవెన్నో ఎవరికి తెలుసు? చచ్చిన కణాలకే పట్టే ట్రిపాన్ బ్లూ రంగు వేసి లెక్కపెట్టు బాబూ, పది రూపాయల పని.

పటమట అక్క:

మాష్టారూ, ఒప్పుకుంటున్నా, కాంప్లెక్స్-1 మాట నేను ఎత్తనేలేదు. ఒక్కటి కలుపుతా. కణాలు పెంచే ఎక్కువ గ్లూకోజ్ డీఎంఈఎం మీడియంలో లీటరుకి 4.5 గ్రాముల గ్లూకోజ్ ఉంటుంది. అంత ఉంటే క్యాన్సర్ కణాలు మైటోకాండ్రియా లేకున్నా గ్లైకాలిసిస్‌తో ఏటీపీ లాక్కొస్తాయి. అందుకని తమ్ముడు గ్లూకోజ్ తీసేసి గెలాక్టోజ్ పెట్టిన మీడియంలో కూడా ఒకసారి చేస్తే బాగుంటుంది. గెలాక్టోజ్‌లో చాలా తక్కువ మోతాదుకే కణాలు పడిపోతే కాంప్లెక్స్-1 మీదే పనిచేస్తోందని దాదాపు చెప్పొచ్చు. దాంతో పాటు కణం లోపలి ఎంజైమైన ఎల్‌డీహెచ్ బయటికి కారడం చూస్తే పొర ఎప్పుడు పగిలిందో తెలుస్తుంది, ప్లేట్ రీడరు చాలు. మొదటి గంటల్లోనే ఎల్‌డీహెచ్ వచ్చేసి, జెడ్-వ్యాడ్ ఇచ్చినా ఆగకపోతే, మీ గైడ్‌గారి మాటే నిజమైనట్టు. అట్లా తేలినా మంచి థీసిసే.

మంగళగిరి:

మధ్యలో దూరుతున్నా, క్షమించండి. మా అమ్మకి రొమ్ము క్యాన్సర్, కీమో నడుస్తోంది. సీతాఫలం ఆకులు మరగబెట్టి ఆ నీళ్ళు తాగిస్తే గడ్డ కరుగుతుందని తెలిసినవాళ్ళు చెప్పి ఆకులు కూడా తెచ్చిచ్చారు. ఇది చదివాక ఇద్దామా అనిపిస్తోంది. ఏమంటారు?

పటమట అక్క:

ఇవ్వకండి. ఈ ప్లేట్లో జరిగినదాన్ని బట్టి అసలే ఇవ్వకండి. కాంప్లెక్స్-1 క్యాన్సర్ కణాల్లోనే కాదు, మన మెదడు కణాల్లోనూ ఉంది, గుండెలోనూ ఉంది. కరీబియన్‌లో గ్వాడలూప్ దీవిలో సీతాఫలం జాతికే చెందిన లక్ష్మణఫలం పళ్ళు తిని, ఆకుల టీ తాగేవాళ్ళలో పార్కిన్‌సన్స్ లాంటి జబ్బు ఎక్కువగా కనిపిస్తోందని 1999లో ల్యాన్సెట్ పత్రికలో వచ్చింది. మామూలు పార్కిన్‌సన్స్ మందుకి కూడా అది సరిగా లొంగలేదు. ఆ చెట్టులో ఉండే అనోనాసిన్ మీదే అనుమానం, అదీ అసిటోజెనినే. కీమో మందుల్ని లివరు ఎట్టా వదిలించుకోవాలో లెక్కేసి డోసు పెడతారు, మధ్యలో మనం ఇంకోటి పోస్తే ఆ లెక్క ఎటు పోతుందో డాక్టరుకి కూడా తెలీదు. ఇప్పటికే ఏమన్నా తాగించి ఉంటే దాచకుండా ఆంకాలజిస్టుకి చెప్పండి, తిడతారని భయపడకండి. పండు తినాలనిపిస్తే మాత్రం అదీ వాళ్ళనే అడిగి, గింజలు తీసి పెట్టండి.

బ్రాడీపేట నాలుగో లైను:

అక్కా, మాష్టారూ, మీ ఇద్దరికీ రుణపడి ఉంటా. పేపరు ప్రింటు తీసి ఇచ్చా. గైడ్‌గారు రెండు పేజీలు చదివి "ఇది మనకి ముందే తెలిసుంటే హీలా కణాలు తీసుకునేవాళ్ళం" అన్నారు, మనకి అనడమే నాకు ఆనందం. హెచ్ఎల్-60కి డబ్బు లేదు. ట్రిపాన్ బ్లూ, ఎల్‌డీహెచ్, జెడ్-వ్యాడ్‌కి ఒప్పుకున్నారు. పక్క ల్యాబ్‌లో కాస్పేస్-3 కొలిచే కిట్ ఒకటి మిగిలి ఉంది, 405 నానోమీటర్ల దగ్గర పసుపురంగు చూసేది. ఎంసీఎఫ్-7లో కాస్పేస్-3 లేదు కాబట్టి అది దండగేనా?

పటమట అక్క:

దండగ కాదు, వాడు. అందులో ఉండేది డీఈవీడీ సబ్‌స్ట్రేటు, అంటే కోస్తే రంగు వదిలే చిన్న ప్రొటీను ముక్క, దాన్ని కాస్పేస్-7 కూడా కోస్తుంది. రీడింగ్ మామూలు కంటే తక్కువ వస్తుంది, కంగారు పడకు. నీ సారానికి సొంత రంగు ఉంటుంది కాబట్టి కణాలు లేకుండా సారం ఒక్కటే వేసిన వెల్ ఒకటి, డీఎంఎస్ఓ ఒక్కటే వేసిన వెల్ ఒకటి పెట్టి ఆ రీడింగ్ తీసెయ్. థీసిస్‌లో గ్రాఫ్ పక్కన "కాస్పేస్-3 యాక్టివిటీ" అని మాత్రం రాయకు, కిట్ పెట్టె మీద అట్లాగే ఉన్నా సరే. ఎక్స్‌టర్నల్ ఆ 1998 పేపరు చదివినవాడైతే మొదటి ప్రశ్న అక్కడే వేస్తాడు. "డీఈవీడీని కోసే యాక్టివిటీ" అని రాయి.